పదవీ విరమణ – సామూహిక బీమా: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



నేడు నేను చెప్పబోవు విషయము ప్రభుత్వోద్యోగుల సామూహిక బీమా. ఈ మాట వినగానే, ఇది ఉద్యోగుల సంగతి కదా, సేద్యము చేసికొను మాకును మా పంచాయతీకిని దీనితో ఏమి పని అని మీలో కొందరికి తోచవచ్చును. ఆ ప్రశ్నకు ముందు సమాధానము చెప్పి, పిదప అసలు విషయములోనికి వచ్చెదను.

మీ గ్రామమును ఒక్కసారి కన్నులముందు నిలుపుకొనుడు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు ఒక వీధిలో ఉండును. పశువైద్యశాలలో పనిచేసి వచ్చినవారు, రెవెన్యూ కచేరీలో గుమాస్తాగా చేసినవారు, తపాలా శాఖలోనో రైల్వేలోనో జీవితము గడపి స్వగ్రామము చేరినవారు మరికొందరు ఉందురు. నేడు ఉద్యోగములో ఉన్నవారి తలిదండ్రులు, భార్యాబిడ్డలు కూడ మీ గ్రామముననే ఉందురు. వారిలో ఎవరికైన ఆపద కలిగినప్పుడు ఆ ఇంటి ఆడువారు మొదట వచ్చునది ఖజానా కార్యాలయమునకు కాదు, మీ అరుగుమీదికి. వారికి కావలసిన మొదటి కాగితమైన మరణ ధ్రువపత్రము మీ పంచాయతీ కార్యాలయము నుండియే రావలెను. ఆ సమయమున మీరు చెప్పు ఒక్క సరియైన మాట వారికి నెలల తరబడి తిరుగుడు తప్పించును. ఒక్క తప్పు మాట వారిని లేని ఆశలో పెట్టును, లేదా ఉన్న హక్కును మరపించును. అందుచేతనే ఈ విషయమును మీ ముందుంచుచున్నాను.

సామూహిక బీమా యనగా ఏమి?

పల్లెలో పూరిల్లు కాలినప్పుడు ఊరివారందరును కదలి వత్తురు. ఒకరు తాటాకులు, ఒకరు వాసములు, ఒకరు కుంచెడు ధాన్యము తెచ్చి యిత్తురు. వారము దినములలో ఇల్లు మరల నిలుచును. ఆకులిచ్చినవాడు, ఏడాది గడచినను నా ఇల్లు కాలలేదు గనుక నా ఆకులు నాకు తిరిగి యిమ్మని అడుగడు. ఇల్లు కాలకుండుటయే అతని లాభము. అందరును కొంచెము కొంచెము ఇచ్చి, ఆపద కలిగిన ఒక్కరిని నిలువబెట్టుటయే బీమాలోని ధర్మము. దీనినే లెక్క కట్టి, ముందుగానే నెలనెల కొంత వసూలు చేసి, చట్టబద్ధముగా నడపినచో అది సామూహిక బీమా అగును.

మన రాష్ట్రమున ప్రభుత్వోద్యోగుల కుటుంబముల కొరకు 1974లో కుటుంబ ప్రయోజన నిధి యను పథకము వచ్చినది. దాని స్థానమున 1984 నవంబరు 1 నుండి రాష్ట్ర ఉద్యోగుల సామూహిక బీమా పథకము అమలులోనికి వచ్చినది. జిల్లా పరిషత్తు, మండల పరిషత్తు పాఠశాలల ఉపాధ్యాయులును ఇందులో చేరినవారే. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప రెండు రాష్ట్రములలోను ఈ పథకము కొనసాగినది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఇట్టి పథకమే 1982 జనవరి 1 నుండి నడచుచున్నది.

ఈ పథకములో చందాను యూనిట్ల లెక్కన కట్టుదురు. 1984లో ఒక యూనిటునకు నెలకు రూ. 10 చందా, రూ. 10,000 బీమా. 1994 నవంబరు 1 నుండి దానిని రూ. 15 చందాగా, రూ. 15,000 బీమాగా పెంచినారు. వేతన శ్రేణినిబట్టి ఉద్యోగులు నాలుగు వర్గములు. చివరి వర్గమువారికి ఒక యూనిటు, దానిపై వర్గమువారికి రెండు, ఆపై వర్గమునకు నాలుగు, మొదటి వర్గమునకు ఎనిమిది యూనిట్లు. అనగా 1994 నాటి రేట్ల ప్రకారము నెలకు రూ. 15, 30, 60, 120 చందా, రూ. 15,000, 30,000, 60,000, 1,20,000 బీమా అన్నమాట.

చందాలోని రెండు భాగములు

ఇప్పుడు చెప్పబోవునది ముఖ్యమైన సంగతి. పదవీ విరమణ చేసినవారికి కలుగు సందేహములన్నియు దీనిని తెలియకపోవుట వలననే కలుగుచున్నవి.

ఉద్యోగి చెల్లించు చందా మొత్తమును ఒకే పెట్టెలో వేయరు. నూటికి 30 వంతులు బీమా నిధికి, 70 వంతులు పొదుపు నిధికి పోవును. రూ. 15 యూనిటులో రూ. 4.50 బీమాకు, రూ. 10.50 పొదుపునకు అని గుర్తుంచుకొనుడు. బీమా భాగము పూరిల్లు కాలినవానికిచ్చిన తాటాకుల వంటిది. పొదుపు భాగము మన పేర మనము దాచుకొన్న గాదెలోని ధాన్యము వంటిది. దానిపై చక్రవడ్డీ కూడ చేరుచుండును.

ఈ రూ. 4.50తో అంత బీమా ఎట్లు సాధ్యమగునని అడుగవచ్చును. లెక్క వేసి చూతము. ఒక్కొక్క యూనిటు గల వేయి మంది ఉద్యోగులున్నారనుకొందము. ఒక్కొక్కరు ఏడాదికి బీమా భాగముగా రూ. 54 ఇత్తురు. వేయి మందివి కలిపి రూ. 54,000 అగును. ఆ ఏడాది వారిలో ముగ్గురు మరణించినచో, మూడు కుటుంబములకు రూ. 15,000 వంతున రూ. 45,000 ఇచ్చియు ఇంకను రూ. 9,000 నిలువ ఉండును. ఇందులో మాయ ఏమియు లేదు. వేయి మంది కలిసి నిలిచిరి గనుక ముగ్గురి కుటుంబములకు ఆధారము దొరకినది.

విరమించినప్పుడు ఏమి లభించును?

ఉద్యోగి సర్వీసులో ఉండగా మరణించినచో, ఆనాడు అతడున్న వర్గమునకు నిర్ణయించిన బీమా మొత్తమును, అంతవరకు పొదుపు నిధిలో చేరిన సొమ్మును వడ్డీతో కలిపి, అతడు నామినేషనులో వ్రాసినవారికి చెల్లింతురు.

ఉద్యోగి క్షేమముగా పదవీ విరమణ చేసినచో అతనికి పొదుపు నిధి మొత్తము మాత్రము వడ్డీతో లభించును. రాజీనామా చేసినవారికిని ఇట్లే. ఆనాటితో అతని సభ్యత్వము ముగియును. సభ్యత్వముతోపాటు బీమా రక్షణయు ముగియును.

ఈ చివరి మాటను మరల చెప్పుచున్నాను. పదవీ విరమణ తరువాత సామూహిక బీమా ఉండదు. విరమించిన ఐదారు ఏండ్లకు ఒక ఉపాధ్యాయుడు కాలము చేసెననుకొనుడు. ఉద్యోగములో ఉండగా ఆయన నెలనెల బీమా కట్టెను గదా, ఆ డబ్బు రావలసియున్నదని కుటుంబమువారు తలతురు. ఎవరో ఒకరు, తాము తిరిగి తెప్పించెదమని చెప్పి వారివద్ద ఖర్చులకు సొమ్ము తీసికొందురు. రానిదానికొరకు ఉన్నది పోగొట్టుకొనుట యన ఇదియే. అట్టి కుటుంబము అడుగవలసినది సామూహిక బీమా కాదు. కుటుంబ పింఛనునకు అర్హత యున్నచో దానిని, మరణించిన దినమువరకు రావలసిన పింఛను బకాయిని అడుగవలెను. ఈ మాటను మీరు మొదటి దినముననే వారికి చెప్పగలిగినచో గొప్ప మేలు చేసినవారగుదురు.

ఒక ముఖ్యమైన మినహాయింపు ఉన్నది. మన గ్రామములలో మాజీ సైనికులు చాలమంది ఉన్నారు. సైన్యమునకు 1976 జనవరి 1 నుండి ప్రత్యేక సామూహిక బీమా నిధి ఉన్నది. అందులో, సేవనుండి విరమించిన పిదప కూడ నిర్ణీత కాలమువరకు సాగు పొడిగింపు బీమా కలదు. కావున మాజీ సైనికుని భార్య వచ్చి అడిగినప్పుడు, విరమించినవారికి బీమా లేదని చెప్పి పంపివేయరాదు. ఆమెను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు పంపవలెను.

కట్టినదంతయు తిరిగి రాలేదను ఫిర్యాదు

విరమించినవారిలో కొందరు, మేము కట్టినదంతయు మాకు రాలేదని బాధపడుదురు. రెండు యూనిట్లు గల ఉద్యోగి నెలకు రూ. 30 వంతున 30 ఏండ్లు చెల్లించెననుకొందము. మొత్తము చందా రూ. 10,800. ఇందులో బీమా భాగము రూ. 3,240, పొదుపు భాగము రూ. 7,560. ఆ రూ. 3,240 తిరిగి రాదు. అది ఆ ముప్పది ఏండ్లును అతని భార్యాబిడ్డలకు కావలి కాచినది. ఎక్కడో ఎవరో తోటి ఉద్యోగి మరణించినప్పుడు ఆ ఇంటికి చేరినది. మిగిలిన రూ. 7,560 మాత్రము ఊరక ఉండదు. ముప్పది ఏండ్ల చక్రవడ్డీతో అది తాను కట్టిన మొత్తము చందాను కూడ మించిపోవును. ఏ ఏడు చేరినవారికి, ఏ నెల విరమించినచో, యూనిటునకు ఎంత రావలెనో ప్రభుత్వము పట్టికలు ప్రకటించును. ఫిర్యాదు చేయుటకు ముందు ఆ పట్టికతో సరిచూచుకొనవలెను.

అయితే సొమ్ము నిజముగనే తగ్గివచ్చు సందర్భము ఒకటి కలదు. ఉద్యోగికి పై వర్గమునకు ప్రమోషను వచ్చినప్పుడు, ఆ తరువాత వచ్చు నవంబరు 1 నుండి యూనిట్లు పెరుగును. పాత యూనిట్లకు పాత తేదీనుండియు, పెరిగిన యూనిట్లకు పెరిగిన తేదీనుండియు వేర్వేరుగా లెక్క కట్టవలెను. ఈ తేదీలు సర్వీసు రిజిస్టరులో వ్రాసియుండవలెను. బదిలీలలో ఎక్కడనో ఒక నమోదు తప్పినచో, విరమణ నాడు లెక్క కట్టు గుమాస్తాకు ఆ యూనిట్లు కనుపించవు. కనుపించని యూనిట్లకు సొమ్ము రాదు. కావున విరమణకు ఇంకను రెండు మూడు ఏండ్లుండగనే ఉద్యోగి తన రిజిస్టరును స్వయముగా చూచుకొని, లోపములు సరిచేయించుకొనవలెను. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనను సామెత దీనికి చక్కగా సరిపోవును.

విరమణ తరువాత ఈ సొమ్మును మంజూరు చేయించునది అతడు చివరగా పనిచేసిన కార్యాలయమే. ఆ కార్యాలయాధికారి బిల్లు తయారుచేసి ఖజానాకు పంపును. పింఛను వచ్చుచున్నది గదా, ఇదియు దానంతట అదియే వచ్చునని కూర్చుండరాదు.

మరియొక సంగతి. సామూహిక బీమా వేరు, ప్రభుత్వ జీవిత బీమా వేరు. జీవిత బీమా శాఖ నిజాం ప్రభుత్వ కాలమున 1907లో హైదరాబాదులో ఆరంభమైనది. అందులో ఉద్యోగికి తన పేర పాలసీ ఉండును. దానిపై అప్పు తీసికొనవచ్చును. గడువు తీరినప్పుడు సొమ్ము వచ్చును. దానికి ప్రత్యేకముగా జిల్లా బీమా కార్యాలయమున దరఖాస్తు చేయవలెను. ఒకటి అందినంతమాత్రమున రెండవది కూడ అందినట్లు కాదు. మీవద్దకు వచ్చినవారిని ఈ రెండింటిని గూర్చియు వేర్వేరుగా అడుగుడు.

నామినేషను

చందాలు సక్రమముగా కట్టినను, రిజిస్టరులు సరిగా ఉన్నను, ఒక్క కాగితము సరిగా లేనందున కుటుంబములు చిక్కులపాలగుచున్నవి. ఆ కాగితము నామినేషను.

ఒక యువకుడు ఇరువది రెండవ ఏట ఉద్యోగములో చేరును. అప్పటికి వివాహము కాలేదు. తల్లి పేరు వ్రాసి యిచ్చును. అది న్యాయమే. నాలుగేండ్లకు వివాహమగును, బిడ్డలు కలుగుదురు. తల్లి కాలము చేయును. అతడు మాత్రము ఆ పాత కాగితమును మార్చడు. ఒకనాడు అకస్మాత్తుగా ప్రమాదములో మరణించును. కార్యాలయములో కాగితము తీసి చూతురు. అందున్నది మరణించిన తల్లి పేరు. అప్పుడు ఎవరెవరు కుటుంబ సభ్యులో, ఎవరికి ఎంత భాగమో తేల్చవలెను. తహసీలుదారు ఇచ్చు కుటుంబ సభ్యుల ధ్రువపత్రము కావలెను. అత్తవారికిని కోడలికిని పొరపొచ్చెములున్నచో వివాదము కోర్టుకెక్కును. సొమ్ము ఖజానాలోనే ఉండును. చిన్నబిడ్డలతో ఆ ఇల్లాలు కూలికి పోవుచుండును. ఇట్టి కష్టమునకు విరుగుడు ఒక్క పుట కాగితము. వివాహము కాగానే, కుటుంబములో జనన మరణములు కలిగినప్పుడెల్ల, నామినేషనును మార్చి యిచ్చి, దాని నకలును ఇంటిలో భద్రపరచవలెను. ఆ కాగితము ఎక్కడున్నదో భార్యకు తెలిసియుండవలెను. మగవాని జీతపు సంగతులు ఆడువారికెందుకని భావించు ఇండ్లలోనే ఆపద వేళ ఎక్కువ కష్టము కలుగును.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది మరణ నమోదు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము మరణమును 21 దినములలోగా తెలియజేయవలెను. ఆ గడువులో నమోదు సులభము. అది దాటి 30 దినములలోగా వచ్చినచో ఆలస్యపు రుసుము చెల్లించవలెను. నెల దాటినచో నిర్ణీతాధికారి అనుమతియు, ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తర్వును కావలెను. దుఃఖములో ఉన్న కుటుంబమునకు ఈ గడువులు తోచవు. పెద్దకర్మ లోపలనే వార్డు సభ్యుడు స్వయముగా ఆ ఇంటికి పోయి నమోదు చేయించినచో ఎంతయో మేలు.

రెండవది పేర్ల విషయము. సర్వీసు రిజిస్టరులో ఇంటిపేరుతో పూర్తి పేరుండును. ఊరిలో ఆయనను మాస్టారనియో, ముద్దు పేరుతోనో పిలుతురు. మరణ నమోదులో ఆ పిలుపు పేరే వ్రాసినచో ఖజానాలో చిక్కువచ్చును. ఆధారు కార్డును, పింఛను పుస్తకమును దగ్గరనుంచుకొని, అందున్నట్లే అక్షరము పోకుండ వ్రాయించవలెను.

మూడవది మధ్యవర్తులనుండి రక్షణ. ఈ సొమ్మును పొందుటకు ఎవరికిని వాటా ఇయ్యనవసరము లేదు. దరఖాస్తు చివరి కార్యాలయమునకు, సొమ్ము బ్యాంకు ఖాతాకు. నడుమ మరియొకరికి పని లేదు. ఫోనులో పింఛనుదారు బ్యాంకు ఖాతా వివరములను, రహస్య సంఖ్యలను అడుగువారు మోసగాండ్రని గ్రామసభలో చెప్పుడు.

నాలుగవది, విరమించినవారికి మిగిలియున్న రక్షణను గూర్చి తెలుపుట. 2015లో కేంద్ర ప్రభుత్వము బ్యాంకు ఖాతాదారుల కొరకు రెండు బీమా పథకములు ప్రారంభించినది. ఇవియును ఒక విధమైన సామూహిక బీమాయే. జీవన జ్యోతి పథకములో 18 నుండి 50 ఏండ్లవారు చేరవచ్చును. రక్షణ 55 ఏండ్లతో ముగియును గనుక సాధారణముగా విరమించినవారికి అది అందదు. సురక్షా పథకము ప్రమాద బీమా. ఇందులో 70 ఏండ్ల వరకు ఉండవచ్చును. 2022 జూన్ 1 నుండి దీని చందా ఏడాదికి రూ. 20. ప్రమాదములో మరణించినను, పూర్తిగా శాశ్వత వైకల్యము కలిగినను రూ. 2 లక్షలు లభించును. విరమించిన ఉద్యోగికే కాదు, బ్యాంకు ఖాతా గల రైతునకును వ్యవసాయ కూలీకిని ఇది వర్తించును. ఏటేట జూన్ 1కి ముందు ఖాతాలో ఆ రూ. 20 ఉండునట్లు చూచుకొనవలెను. ఇందులోను నామినీ పేరు సరిగా ఉన్నదా యని అడుగుట మరువవలదు.

మహాశయులారా,

ఈ పథకములో లభించు మొత్తములు నేటి ధరలకు పెద్దవి కావని నాకు తెలియును. రూ. 30,000తో ఒక కుటుంబము జీవితాంతము గడువదు. అయినను సంపాదించువాడు పోయిన ఇంటిలో మొదటి మూడు నెలలు ఎట్లు గడచునను దానిపైననే బిడ్డల చదువు నిలుచుటయో మానుటయో ఆధారపడును. ఉన్న నాలుగు బస్తాలు అమ్ముకొనకుండ, వడ్డీవ్యాపారి గడప తొక్కకుండ ఆ మూడు నెలలు గట్టెక్కించుటకు ఈ సొమ్ము ఉపకరించును. అది సకాలములో అందినప్పుడే ఉపకరించును.

సొమ్మును మంజూరు చేయుట మీ చేతిలోని పని కాదు. కాని అడుగవలసినది అడిగించుటయు, అడుగరాని చోట ఖర్చుపెట్టకుండ ఆపుటయు, మరణ నమోదును గడువులో చేయించుటయు ముమ్మాటికి మీ చేతిలోని పనియే. రాబోవు గ్రామసభలో మీ ఊరిలోని విశ్రాంత ఉద్యోగులను పిలిచి, ఒక గంట కాలము ఈ విషయములే మాట్లాడింపుడు. విరమణకు దగ్గరపడినవారిని సర్వీసు రిజిస్టరు చూచుకొంటిరా యని, కొత్తగా ఉద్యోగములో చేరిన యువకులను నామినేషను ఎవరి పేర ఉన్నదని అడుగుడు. వారిలో ఒక్కరు ఇంటికి పోయి ఆ కాగితమును సరిచేసినను మీ గ్రామసభ ఫలించినట్లే.